వెనక కూర్చున్న మనిషి

నేమాని జోగయ్య గారికి, ఎవరైనా ప్రశ్న అడిగితే, జవాబు చెప్పే అలవాటు లేదు, పని చెప్పేవారు. బొబ్బిలిలో ఆయన దగ్గర సంగీతం నేర్చుకున్న వాళ్ళంతా ఈ సంగతి నవ్వుతూనే చెబుతారు గానీ, ఆ పని చేసేటప్పుడు మాత్రం ఒక్కడూ నవ్విన పాపాన పోలేదు. ఒకసారి ఒక శిష్యుడు, "గురువుగారూ, కీర్తనలో మధ్యమధ్య ఆగడం దేనికండీ? ఏకబిగిన పాడేస్తే ఇంకా రక్తి కట్టదూ?" అన్నాడట. ఆయన వాదించలేదు. మధ్యాహ్నం భోజనాల వేళ వాణ్ణి తన పక్క విస్తరి దగ్గరే కూర్చోబెట్టుకున్నారు. "నోట్లో ముద్ద మింగకుండా ఇంకోటి పెట్టుకో. అదీ మింగకుండా ఇంకోటి పెట్టుకో" అన్నారు. నాలుగో ముద్దకి వాడి కళ్ళు తేలిపోయాయి. వీపు మీద చరిచి, మంచినీళ్ళు తాగించి, "గుత్తి వంకాయ ఎలా ఉందిరా?" అని అడిగారు. వాడు బిక్కమొహం వేసి "తెలీలేదండీ" అన్నాడు. పాఠం అక్కడితో సరి. ఆ తరవాత ఆ శిష్యుడు కీర్తనలో ఆగవలసిన చోట ఆగకపోవడం అంటూ జరగలేదు.

అటువంటి జోగయ్య గారి ఇంటికి, ఒక ఏడాది మాఘమాసంలో, భీమశంకరం భార్యతో కలిసి వచ్చాడు. జోగయ్య గారు ఏటేటా తన గురువు పేర ఆరాధన చేసేవారు. పెరట్లో పందిరి, పొద్దున్నే కచేరీ, మధ్యాహ్నం సంతర్పణ. ఆ ఏడు కచేరీ భీమశంకరం భార్యది. ఆవిడ పేరు త్రిపురసుందరి. ఆ రోజుల్లో ఆ పేరు తెలియని వాళ్ళు ఉండేవారా అంటే నాకైతే అనుమానమే. రేడియోలో ఆవిడ రాగం ఎత్తుకుంటే కాఫీ హోటల్లో సర్వరు ఇడ్లీ ప్లేటు చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయేవాడు. ఆకలితో వచ్చినవాడు కూడా "ఏదయ్యా నా ఇడ్లీ" అని అడిగేవాడు కాదు. మద్రాసు వాళ్ళు సైతం ఆవిడ కోసం రైలు టిక్కెట్టు పంపించి మరీ పిలిపించుకునేవారు.

ఇప్పుడు భీమశంకరం సంగతి. మొదట్లో గొంతు ఇతనిదే. ఇద్దరూ జోగయ్య గారి దగ్గరే నేర్చుకున్నారు. "వీడు పాడుతుంటే ఆ పిల్ల వెనక కూర్చుని శ్రుతి వెయ్యాలి" అని అందరూ అనుకునే రోజులవి. పెళ్ళి కూడా గురువుగారు కుదిర్చిందే. పెళ్ళయిన ఏడాదికే సన్నిపాత జ్వరం వచ్చి, నలభై రోజులు మంచం పట్టి లేచేసరికి శంకరం గొంతులో పై స్థాయి అంతా పోయింది. పంచమం దాటితే జీర. అప్పుడు తంబురా తను తీసుకున్నాడు, పాట ఆవిడకి వదిలేశాడు. ఎవరూ అడగలేదు, ఎవరూ పొమ్మనలేదు. తనంతట తనే వెనక్కి వెళ్ళి కూర్చున్నాడు. పద్నాలుగేళ్ళు అక్కడే కూర్చున్నాడు. పిల్లలు కలగలేదు. తంబురా మాత్రం అతను మీటినట్టు మీటేవాడు ఆ చుట్టుపక్కల జిల్లాల్లో లేడు. నాలుగు తీగలూ కలిసి ఐదో గొంతు పలికించేవాడు.

అయితే తంబురా వేసేవాడు కూర్చునే చోటు చాలా చిత్రమైనది. పాడే మనిషికి సరిగ్గా వెనక. లోకమంతా ఆవిడ ముఖం చూస్తుంది, వీడొక్కడు తప్ప. శంకరానికి కనిపించేదల్లా ముడి, ముడిలో మల్లెచెండు, మెడ మీద గొలుసు కొక్కెం, దాని పక్కన రెండు పుట్టుమచ్చలు. ఇంట్లో ఆవిడ ముఖం చూశాడు, బండిలో చూశాడు, జ్వరంలో చూశాడు. పాడుతున్నప్పటి ముఖం మాత్రం పద్నాలుగేళ్ళలో ఒక్కసారీ చూడలేదు. దాని బదులు అతనికి ఎదురుగా కనిపించేది ఆవిడకి ఎడమ పక్కన కూర్చున్న ఫిడేలు విద్వాంసుడి ముఖం. ఆవిడ ఒక సంగతి వేస్తే, అంటే అదే పాదాన్ని కొత్త మెలికతో తిప్పి పాడితే, ఆ ఫిడేలు ముఖం విచ్చుకునేది. ఆవిడ ఒక స్వరం మీద నిలిస్తే ఆ ముఖం తలాడించి చిన్నగా నవ్వేది. ఆ నవ్వు చూసి, దానికి ఇటువైపు నవ్వు, అంటే ఆవిడ నవ్వు, ఎలా ఉండి ఉంటుందో శంకరం ఊహించుకునేవాడు. మొదట్లో సరదాకి ఊహించుకున్నాడు. తరవాత మానలేకపోయాడు.

అప్పట్లో ఫిడేలు ముకుందరావుది. ముప్పై రెండేళ్ళవాడు, ఒత్తయిన క్రాపు, సిల్కు లాల్చీ, ఎప్పుడూ నోట్లో జర్దా కిళ్ళీ. ఆవిణ్ణి "అక్కయ్యా" అనేవాడు, శంకరాన్ని "బావగారూ" అనేవాడు. వరస కలిపాడు కదా అని మనబోటివాళ్ళం ఊరుకుంటాం. శంకరానికి ఆ "అక్కయ్యా" అన్న మాటే ముల్లులా గుచ్చుకునేది. మనసులో ఏమీ లేనివాడైతే వరసలు కలపడం దేనికి అని.

రాజమండ్రిలో ఒక కచేరీ అయి బసకి వచ్చాక ఉండబట్టలేక అడిగాడు.

"కాంభోజిలో వాడి వైపు చూసి ఎందుకు నవ్వావు?"

"నేనా? నవ్వానా?"

"వాడు నవ్వాడు."

"వాడు నవ్వితే వాణ్ణి అడగండి" అంది త్రిపుర, జడ విప్పుకుంటూ. ఆవిడకి అది నిజంగానే వేళాకోళం అనిపించింది. అతని ముఖం చూశాక కాదని తెలిసింది.

అక్కడి నుంచి సంసారం ఒక దారిన పడింది. ముకుందరావుని మార్పించి, పర్లాకిమిడి నుంచి రామానుజం గారనే పెద్దాయనని పిలిపించారు. డెబ్భై ఏళ్ళు, నోట్లో ఒక్క పన్ను లేదు. ఆవిడ తోడి రాగం ఎత్తుకుంటే ఆయన బోసినోరంతా తెరిచి నవ్వాడు! శంకరం ఆ బోసినవ్వులో కూడా వెతుక్కున్నాడు. రెండు నెలలకే ముకుందరావు మళ్ళీ వచ్చాడు, ఎందుకంటే నవ్వేవాడు ముసలివాడైతే శంకరానికి బాధ తగ్గలేదు, కచేరీ మాత్రం పాడవుతోంది. ఉత్తరాలు చదివాడు, వాటిలో సభల వాళ్ళ తేదీలు తప్ప ఏమీ లేవు. రైల్లో ఆవిడ కిటికీ బయటికి చూస్తే ఎటు చూస్తోందో చూశాడు, చింతతోపులు తప్ప ఏమీ లేవు. ఏమీ లేకపోవడం అనేది ఊరటనివ్వాలి కదా? మనవాడికి అదే పెద్ద దిగులైపోయింది. ఏమీ దొరకడం లేదంటే ఎంత బాగా దాచిందో అనుకున్నాడు.

చివరికి త్రిపురే ఒక రోజు అతని ఎదురుగా పీట వేసుకుని కూర్చుంది. "మీ మనసు ఇంత కష్టపడుతోందంటే నాకీ పాట వద్దు. మానెయ్యి అని మీరు ఒక్కసారి అనండి, ఆ రోజే మానేస్తాను. ఎందుకని అడగను. కానీ ఆ మాట మీ నోటితో మీరే అనాలి" అంది. ఆ రోజు నుంచి శంకరానికి అన్నం సయించలేదు. ఆ మాట అనలేడు; తన గొంతు పోయాక తన పాట కూడా ఆవిడ గొంతులోనే ఉంది. అనకుండా ఉండలేడు, ప్రతి కచేరీలోనూ ఆ నవ్వు ఎదురుగా కూర్చుంటుంది. ఆరాధనకి బొబ్బిలి వచ్చింది అందుకే. ఈ కచేరీ ఆఖరిది చెయ్యాలా వద్దా, అది తేల్చుకుని వెళ్ళాలని.

వచ్చిన రోజు మధ్యాహ్నం త్రిపుర వంటింట్లో అమ్మగారితో కలిసి సంతర్పణకి పప్పు బాగుచేస్తోంది. అమ్మగారంటే జోగయ్య గారి భార్య. వీధి అరుగు మీద గురువుగారు వక్క కత్తిరించుకుంటున్నారు. శంకరం వెళ్ళి కింద మెట్టు మీద కూర్చున్నాడు.

"ఏరా, ఆ మొహం ఏమిటి? రేపు ఆరాధన మా గురువుగారికి గానీ నీకు కాదు కదా" అన్నారు ఆయన.

శంకరం నవ్వలేదు. ఉన్నదంతా చెప్పాడు. దాచుకోలేదు, రామానుజం గారి బోసినవ్వుతో సహా చెప్పాడు. చెప్పి, "ఆవిడ మనసులో ఎవరున్నారో తెలుసుకునే దారి ఒకటి చెప్పండి గురువుగారూ. మంచైనా సరే చెడైనా సరే. తెలిస్తే బతుకుతాను" అన్నాడు.

వక్క పలుకులు పళ్ళెంలో పడుతూనే ఉన్నాయి. తరవాత గురువుగారు, "ఆవిడ పాడుతుండగా ముఖం ఎప్పుడైనా చూశావా?" అన్నారు.

"ఎలా చూస్తానండీ? వెనక కదా నేను."

"అయితే ఒక పని చెయ్యి. రేపు నువ్వు ముందు కూర్చో. తంబురా నేను వేస్తాను."

శంకరానికి ప్రాణం లేచొచ్చింది. ఇంత సులువైన దారి పద్నాలుగేళ్ళు తనకెందుకు తట్టలేదా అనుకున్నాడు. లేవబోతుంటే గురువుగారు పంచె కొంగు పట్టుకుని ఆపారు. "రెండు మాటలు. ఆవిడకి చెప్పి కూర్చో. కూర్చున్నాక వినడానికి కూర్చో, చూడ్డానికి కూర్చోకు."

"ముందు కూర్చోమన్నదే చూడ్డానికి కదండీ?"

గురువుగారు మళ్ళీ వక్క అందుకున్నారు. ఆయన జవాబు చెప్పరని ముందే మనవి చేశాను కదా.

మర్నాడు పొద్దున్న స్నానాలయ్యాక ఆవిడకి చెప్పవలసిన వేళ వచ్చింది. శంకరం నోరు తెరిచాడు కూడా. కానీ చెబితే ముఖం సర్దుకుని కూర్చుంటుంది, అప్పుడు చూసి ఏం లాభం అనిపించింది. "భుజం పట్టేసింది త్రిపురా, చెయ్యి లేవడం లేదు. గురువుగారు శ్రుతి వేస్తానన్నారు" అన్నాడు.

ఆవిడ కంగారు పడింది. పట్టుచీర కట్టుకున్న మనిషి, చీర పాడవుతుందని కూడా చూసుకోకుండా అమ్మగారి దగ్గర నువ్వుల నూనె వెచ్చబెట్టించి తెచ్చి అతని భుజానికి మర్దనా చేసింది. "గురువుగారు వెనక కూర్చుంటే నాకు కాళ్ళు వణుకుతాయేమో" అని నవ్వింది. "మీరు ఈ గదిలోనే పడుకోండి. తలుపు తీసే ఉంచుతాను, పాట ఇక్కడికి బాగానే వినబడుతుంది." తలగడ సర్ది, తలుపుకి రాయి అడ్డం పెట్టి, వెళ్ళింది. శంకరం లేని నొప్పి పెట్టుకుని, నూనె ఓడుతున్న భుజంతో, పావుగంట అక్కడ పడుకున్నాడు. తరవాత లేచి, లాల్చీ తొడుక్కుని, పెరటి దారిన వెళ్ళి పందిరి రాట వెనక నిలబడ్డాడు.

కచేరీ మొదలవబోతోంది. జోగయ్య గారు తంబురా ఒళ్ళో నిలబెట్టుకుని మీటారు. అప్పుడు త్రిపుర వెనక్కి తిరిగి, తంబురాకి చెవి దగ్గరగా పెట్టి, శ్రుతి సరిచూసుకుంది. ఎవరైనా చేసేదే అది. శ్రుతి సరిచూసుకోకుండా పాట ఎత్తుకునేవాడు ఉండడు, వెనక ఉన్నది గురువైనా సరే. కానీ రాట వెనక ఉన్న మనిషి ఒళ్ళు ఝల్లుమంది. తన తంబురాకి ఆవిడ ఏనాడూ చెవి పెట్టలేదు. ఒక్క కచేరీలో కూడా వెనక్కి తిరిగి చూడలేదు. కూర్చోవడం, కళ్ళు మూసుకోవడం, ఎత్తుకోవడం. "పద్నాలుగేళ్ళు నేను అక్కడ ఉన్నానో లేనో కూడా ఆవిడకి పట్టలేదన్న మాట" అనుకున్నాడు. అదుగో, ఆ మాట అలా ఎందుకు అనిపించిందో, ఇంకోలా ఎందుకు అనిపించలేదో, నేను చెప్పలేను. అనిపించింది.

రెండు కీర్తనలయ్యాయి. ఆవిడ శహన రాగం ఎత్తుకుంది. కళ్ళు మూసుకుని ఉంది గనక ఇదే అదను అనుకుని, శంకరం జనం మధ్య నుంచి వంగి వంగి వచ్చి మొదటి వరస కొసన చాప మీద కూర్చున్నాడు. పక్కన ఇద్దరు పెద్దమనుషులు. సాలూరు నుంచి వచ్చిన వాళ్ళట, ఒకాయన పింఛను తీసుకుంటున్న హెడ్మాస్టరు, ఇంకొకాయన ఆయన బావమరిది. పాట కోసం ఆ ఊరికి మొదటిసారి వచ్చినవాళ్ళు; ఇతనెవరో, జోగయ్య గారెవరో వాళ్ళకి తెలీదు.

శంకరం తలెత్తి ఆవిడ ముఖం చూశాడు.

ఏమని చెప్పను! ఆవిడ ఎవరి వైపూ చూడటం లేదు. రెప్పలు మూసే ఉన్నాయి. సంగతి పడ్డప్పుడు కనుబొమలు కొంచెం లేచేవి, అంతే. ముకుందరావు తలాడించి నవ్వాడు, ఆవిడ చూడలేదు. మృదంగం ఆయన ఒక మంచి దెబ్బ వేస్తే ముకుందరావు అటు తిరిగి అదే నవ్వు నవ్వాడు. ఎవరో కాఫీ గ్లాసు అందిస్తే దాన్ని చూసి కూడా అదే నవ్వు నవ్వాడు. ముకుందరావు నవ్వు ముకుందరావుది. దానికి ఇటువైపు ఏ నవ్వూ లేదు. పద్నాలుగేళ్ళుగా శంకరం చదువుకున్నది రాయని కాగితం.

అతని గుండెల మీద నుంచి బండ తీసినట్టయింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తన శహన, తను జ్వరానికి ముందు పాడిన శహన, ఆవిడ గొంతులో ఎంత పెద్దదైందో మొదటిసారి విన్నాడు. ఎంతసేపు విన్నాడు? మహా అయితే తమలపాకు నమిలి ఉమ్మేసేంత సేపు.

అప్పుడు హెడ్మాస్టరు గారు బావమరిది చెవిలో అన్నాడు, చెవిలో అంటే పది మందికీ వినబడేలాగే: "ఆవిడ భర్త ఎక్కడోయ్?"

"వెనకాల తంబురా వేస్తున్నాడు చూడండి, ఆయనే. ఎప్పుడూ ఆయనే వేస్తాడట."

"ఆ పెద్దాయనా! అయ్యో, మరీ అంత ముసలివాడికి ఇచ్చారేమయ్యా పిల్లని?"

"కళ ఉన్నవాళ్ళ ఖర్మ అలాగే ఏడుస్తుంది లెండి."

"ఏమైనా అను. ఆ ముఖం చూశావూ? అలా కళ్ళు మూసుకుని లోపల ఎవర్ని చూస్తోందో గానీ, వాడు పెట్టి పుట్టాడయ్యా!"

మెచ్చుకోలుగానే అన్నాడు పాపం ఆ హెడ్మాస్టరు. మెచ్చుకుని పొడుం పీల్చుకుని ఆ సంగతే మరిచిపోయాడు. శంకరానికి మాత్రం పందిరి గిర్రున తిరిగింది. కళ్ళు తెరిచి చూసేవాణ్ణి పట్టుకోవచ్చు, మార్పించవచ్చు, పర్లాకిమిడి నుంచి ఇంకొకణ్ణి తెప్పించవచ్చు. కళ్ళు మూసుకుని చూసేవాణ్ణి ఏం చేస్తాడు? ఎన్ని ఉత్తరాలు చదివితే దొరుకుతాడు వాడు? ఇక పాట వినబడలేదు. మోకాళ్ళ మీద ముందుకి వంగి, ఆ రెప్పల మీదే చూపు నిలబెట్టి, వాటి వెనక ఎవరున్నారో చీల్చి చూడాలన్నట్టు చూస్తూ ఉండిపోయాడు.

త్రిపుర రిషభం మీద నిలిచింది. శహనలో ఆ చోటుంది చూశారూ, అక్కడ నిలబడగలిగినవాళ్ళు తక్కువ. నిలిచి, నిలిచి, సభలో ఒక్క గాజు కూడా చప్పుడు చెయ్యనంత సేపు నిలిచి, సంతోషం పట్టలేక కాబోలు, కళ్ళు తెరిచింది.

ఎదురుగా శంకరం.

స్వరం విరిగింది. మామూలుగా తప్పడం కాదు, పలక కింద పడితే విరిగినట్టు విరిగింది. "అయ్యో" అని ఆడవాళ్ళ వైపు నుంచి వినబడింది. ముకుందరావు చటుక్కున ఆ స్వరాన్ని ఫిడేలు మీద అందుకుని సర్దబోయాడు. ఆవిడ మళ్ళీ ఎత్తుకోవాలని చూసింది. గొంతు రాలేదు. జోగయ్య గారు ఆపకుండా తంబురా మీటుతూనే ఉన్నారు. శంకరం తల దించలేదు. "నన్ను చూసి తడబడింది. ఏమీ లేని మనిషైతే ఎందుకు తడబడుతుంది?" అన్న ఒక్క మాటే అతని బుర్రలో తిరుగుతోంది.

మంగళం పాడకుండా కచేరీ లేవకూడదు గనక మంగళం పాడింది. కళ్ళు తెరుచుకునే పాడింది, ఎదురుగా ఉన్న చాప అల్లిక చూస్తూ.

జనం లేచి విస్తళ్ళ వైపు వెళుతుంటే శంకరం గదిలోకి వెళ్ళాడు. తలుపుకి రాయి అలాగే ఉంది. త్రిపుర మంచం పక్కన నిలబడి ఉంది.

"భుజం ఎలా ఉందండీ?" అని అడిగింది. వెటకారం లేదు ఆ గొంతులో, అదే అతనికి భరించరానిదైంది.

"భుజం సంగతి తరవాత. నన్ను చూసి ఎందుకు ఆగిపోయావు?"

"ఆ మొహం నాకు తెలీదండీ." ఆవిడ నిదానంగానే చెప్పింది. "ఇంట్లో మీరు విసుక్కున్నప్పుడు చూశాను, కోప్పడ్డప్పుడు చూశాను. అలా చూడటం ఎప్పుడూ చూడలేదు. పద్నాలుగేళ్ళు నా వెనక కూర్చున్నది ఆ మొహమేనా?"

శంకరం కాదనలేకపోయాడు. కాదంటే అబద్ధం అవుతుంది; ఇవాళ్టికి ఒక అబద్ధం అప్పటికే ఆడి ఉన్నాడు.

ఆవిడ కాసేపు ఆగింది, కాదంటాడేమోనని. తరవాత, "ఇక పాడనండీ. మీరు అనక్కర్లేదు" అంది.

"నేను మానెయ్యమనలేదే! త్రిపురా, నేను ఆ మాట అనలేదు!"

"అవును. అనలేదు."

పమిట నడుముకి చెక్కుకుని, "అమ్మగారూ, నెయ్యి నేను వడ్డిస్తాను, ఇలా ఇవ్వండి" అంటూ వెళ్ళిపోయింది. పంక్తిలో అందరికీ వడ్డించింది. మృదంగం ఆయనకి ఎంత వేసిందో ముకుందరావుకీ అంతే వేసింది, శంకరానికీ అంతే వేసింది. హెడ్మాస్టరు గారు "తల్లీ, ఇవాళ దిష్టి తగిలిందమ్మా నీకు" అంటే చిరునవ్వు నవ్వింది. ముకుందరావు చెయ్యి కడుక్కుని వచ్చి, "బావగారూ, అక్కయ్యకి గొంతు బాగాలేనట్టుంది, శొంఠి కషాయం పట్టించండి. మీ భుజం కూడా జాగ్రత్త" అని చెప్పి బస్సుకి వెళ్ళిపోయాడు. తను ఎవరి బతుకులో ఎంత పెద్ద పాత్ర వేశాడో ఆ కుర్రాడికి చచ్చేదాకా తెలియలేదు.

మూడు గంటల వేళకి పెరడు ఖాళీ అయింది. పందిరి కింద గురువుగారు ఒక్కరే కూర్చుని తంబురా తీగలు వదులు చేస్తున్నారు. శంకరం వచ్చి ఎదురుగా చతికిలపడ్డాడు.

"ముకుందాన్ని చూడనే లేదండీ" అన్నాడు. "మొదటి నుంచీ కళ్ళు మూసుకునే ఉంది."

"ఊఁ."

"పాట మానేస్తానంది."

"అమ్మగారితో కూడా చెప్పిందట."

"నేను అడగలేదు గురువుగారూ. అడగకుండానే ఎందుకు మానేస్తుందండీ? ఎవరి కోసం మానేస్తోంది?"

గురువుగారు తంబురా మీద నుంచి చెయ్యి తీసి అతన్ని తేరిపార చూశారు. అంత జరిగాక కూడా అదే అడుగుతున్నాడా అన్నట్టు చూశారు. శంకరం ఆగలేదు; ఆగే దశ దాటిపోయాడు. ఆయన మోకాలు పట్టుకుని, "ఒక్కటి చెప్పండి. ఇవాళ మీరు నా చోట కూర్చున్నారు కదా. కళ్ళు మూసుకుని ఆవిడ ఎవర్ని చూసేదండీ?" అన్నాడు.

జన్మలో ఎవరికీ జవాబు చెప్పని జోగయ్య గారు, ఆ ఒక్కసారి చెప్పారట.

"ఎవర్ని చూసేదో నాకేం తెలుసురా శంకరం. ఇవాళ ఆవిడ కళ్ళు తెరిచి నీ మొహం చూస్తే మాత్రం, ఆ మనిషి అక్కడ లేడు."